ఏడవని బొమ్మకు ఏడుపు నేర్పిన సెంకా

మా ఊరు జ్రెన్యానిన్‌లో సెంకాను సెంకా అని పిలిచేవాళ్ళు తక్కువ. బేకరీలో, బ్యాంకులో, పళ్ళ డాక్టరు దగ్గర, ఎక్కడికి వెళ్ళినా ఆమె మీమాయే. మీమా అంటే మా ఊరి బొమ్మల ఫ్యాక్టరీలో తయారైన మాట్లాడే బొమ్మ. నీలం గౌను, పసుపు జుట్టు. పొట్ట నొక్కితే రెండు మాటలు చెప్పేది: "నేను మంచి పిల్లనమ్మా. నేను ఏడవను." ఆ గొంతు సెంకాది. అప్పటికి ఆమెకు ఏడేళ్ళు. ఆ రోజుల్లో ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ బొమ్మ ఉండేది. తర్వాత దేశం ముక్కలైంది, ఫ్యాక్టరీ మూతపడింది, యంత్రాలను పాత ఇనుము కింద అమ్మేశారు. ఆ గొంతు మాత్రం జనం చెవుల్లోంచి పోలేదు.

సెంకా తండ్రి బొరివోయ్ ఆ ఫ్యాక్టరీలో ఇంజనీరు. బొమ్మ పొట్టలో పెట్టే చిన్న సర్క్యూట్ పలక, దాని మీద మాటను దాచుకునే చిప్పు, అంతా ఆయన చేతి పనే. మీమా బజారులోకి వచ్చిన తర్వాత నేను ఆయన కింద పనికి చేరాను. ఫ్యాక్టరీ పోయాక నది ఒడ్డున టీవీలు, రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాను. ఇంజనీరుగారు కనపడినప్పుడల్లా మీమా ముచ్చటే చెప్పేవాడు. "ఆ గొంతులో ఒక వణుకు ఉంటుంది చూశావురా ఇమ్రే, అదే జనాన్ని పడగొట్టింది" అనేవాడు.

ఆ వణుకు కోసమే జనం సెంకాను వదిలిపెట్టలేదు. బడికి తనిఖీ అధికారులు వస్తే టీచరమ్మ ఆమెను బల్ల ఎక్కించి ఆ మాటలు చెప్పించేది. ఆమె పెళ్ళిలో మగపెళ్ళివారు రాకియా సారా గ్లాసులు పైకెత్తి "మీమా, మీమా" అంటూ చప్పట్లు కొట్టారు. తెల్ల గౌనులో నిలబడి పెళ్ళికూతురు ఆ మాటలు చెప్పింది. అందరూ మురిసిపోయారు. మొగుడు రాత్కో చెడ్డవాడేమీ కాదు. కాకపోతే ఇంట్లో ఏ గొడవ వచ్చినా చివరికి ఆమె గడ్డం పట్టుకుని బొమ్మ మాటలు అనేవాడు. అది సరసం అనుకునేవాడు. ఆమెకు కడుపు పోయిన రోజున ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని కూడా అదే అన్నాడు. "నువ్వు మంచి పిల్లవి కదా. ఏడవవు కదా." నవ్వించడానికే అన్నానని తర్వాత ఊరంతా చెప్పుకున్నాడు. సెంకా ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి, బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఆసుపత్రి లాండ్రీలో ఉద్యోగం, చిన్న అద్దె గది, ఒంటరి బతుకు. ఒక ఆదివారం పాత సామాన్ల సంతలో తుప్పు పట్టిన ఇస్త్రీపెట్టెల మధ్య ఒక మీమా కనపడింది. పగలగొట్టడానికే కొనుక్కుంది. గదిలో నేల మీద పడుకోబెట్టి సుత్తితో పొట్ట మీద కొట్టింది. పెంకు పగిలి లోపలి పలక బయటికొచ్చింది. బొమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంది. దాన్ని పీకేద్దామని వేళ్ళు పెట్టింది. చేతులు చెమటతో తడిగా ఉన్నాయి. వేలు తగలగానే ఆ చిన్నపిల్ల గొంతు సాగి, లావెక్కి, దెబ్బ తిన్న ఎద్దు రంకెలా మారింది. సుత్తి పక్కన పడేసి, ఆ వేలు తియ్యకుండా చాలాసేపు విన్నానని తనే చెప్పింది.

మర్నాడు ఆ బొమ్మను సంచిలో వేసుకుని నా కొట్టుకు వచ్చింది.

"ఇమ్రే మామా, ఇది ఎందుకిలా అరుస్తోంది?"

పలకను చూసి చెప్పాను. మాట ఎంత వేగంగా రావాలో నిర్ణయించే భాగం ఒకటి ఉంటుంది, నీ తడి వేలు అక్కడ తగిలింది, కరెంటు కొంత నీ ఒంట్లోంచి పోయింది, అందుకే గొంతు నెమ్మదించి లావెక్కింది అని. రెండు తీగలు మళ్ళీ అతికితే మామూలుగా మాట్లాడుతుంది, బాగుచేసి ఇస్తానన్నాను.

"బాగుచెయ్యమని ఎవరన్నారు? ఇంకా అరిపించాలి. ఎలాగో నేర్పు."

నేర్పాను. అంతకుముందు అలాంటి పని నేనెప్పుడూ చెయ్యలేదు. పాడైనదాన్ని బాగుచెయ్యడమే నా పని, బాగున్నదాన్ని పాడు చెయ్యడం కొత్త. లాండ్రీలో పని అయిపోగానే వచ్చి నా బల్ల చివర కూర్చునేది. బొమ్మ మాట్లాడుతుండగా ఒక తీగ ముక్కతో పలక మీద ఒక చోటు నుంచి ఇంకో చోటుకు తాకిస్తూ పోయేది. ఎక్కువ చోట్ల ఏమీ జరిగేది కాదు. కొన్ని చోట్ల బొమ్మ చచ్చిపోయేది. ఎక్కడో ఒక చోట మాట తెగి, తెగిన ముక్కే మళ్ళీ మళ్ళీ వచ్చేది. ఆ చోట గోళ్ళరంగుతో చుక్క పెట్టుకునేది. తర్వాత అక్కడ తీగ అతికి, బొమ్మ చర్మం మీద ఇత్తడి మేకు తల పైకి వచ్చేలా బిగించేది. రెండు మేకుల మీద రెండు వేళ్ళు పెడితే చాలు, బొమ్మ ఊళ వేసేది. కరెంటు ప్లగ్గుకు పెట్టే సామాన్ల జోలికి పోవద్దని, బ్యాటరీతో నడిచేవాటినే విప్పమని నేను చెప్పిన ఒక్క మాటను మాత్రం దాటలేదు.

సంతలో ఎక్కడ మీమా కనపడినా తెచ్చేది. అదే ఫ్యాక్టరీ చేసిన, బ్యాటరీలతో నడిచే టీవీ ఆట పెట్టె కూడా ఒకటి దొరికింది, తెర మీద బంతిని అటూ ఇటూ కొట్టే ఆట. దాని పొట్టా విప్పింది. తీగ తాకించగానే బంతి చీలికలైపోయింది, గీతలు అడ్డంగా పరుగెత్తాయి, తెర మధ్యలో చిరిగినట్టయింది. బొమ్మల గొంతును ఆ పెట్టెకు కలపమంది. కొన్ని వారాలు తంటాలు పడ్డాక కుదిరింది. బొమ్మ అరిచినప్పుడల్లా తెర మీద గీతలు ముక్కలై ఎగిరేవి. ఆ రోజు ఆమె నవ్వింది. నేను చూసిన మొదటి నవ్వు అది. చూస్తే నాకు సంతోషం కలగలేదు, కొంచెం భయం వేసింది.

"అమ్మాయ్, ఆ గొంతు మీద నీకు ఇంత కోపమెందుకు?" అని ఆ రోజే అడిగాను.

ఎడమ చొక్కా చెయ్యి పైకి లాగి మణికట్టు చూపించింది. ఎముక వంకరగా అతుక్కుని ఉంది. రికార్డింగు రోజున స్టూడియో మెట్ల మీద పడిందట. చెయ్యి వాచిపోయింది. స్టూడియో ఆ ఒక్క పూటకే దొరికింది, మనుషులు లోపల ఎదురుచూస్తున్నారు.

"ఏడుస్తుంటే టేపు ఆపేవాళ్ళు. నాన్న గాజు తలుపు తీసుకుని లోపలికొచ్చి, ఏడుపు ఆపితేనే డాక్టరు దగ్గరికి అనేవాడు. మళ్ళీ మొదలు. మళ్ళీ ఏడుపు. చివరికి ఆపేశాను. నేను ఏడవను అని చెప్పాను. ఆ వణుకు వణుకు అంటారు చూడు, అది నా చెయ్యి మామా."

ఆ మాట విన్న తర్వాత ఇంజనీరుగారి ముచ్చట నేను మునుపటిలా వినలేకపోయాను.

అంతలో ఊళ్ళో ఒక కబురు వచ్చింది. ఎవరో కొత్త వ్యాపారి ఫ్యాక్టరీ పేరు కొనుక్కున్నాడు, మీమాను మళ్ళీ తయారు చేస్తాడట. ముందుగా సాంస్కృతిక భవనంలో పాత బొమ్మల ప్రదర్శన. బొరివోయ్ గారికి సన్మానం. ఆ తర్వాత అసలు మీమా వేదిక మీదికి వచ్చి తన నోటితో ఆ రెండు మాటలు చెప్పాలి. సెంకా ఒప్పుకోదని అందరూ అనుకున్నారు. ఒప్పుకుంది. తండ్రి పొంగిపోయాడు. నా కొట్టుకు వచ్చి, పిల్లకు ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందిరా అన్నాడు. నేను తల వంచుకుని టంకం పెట్టుకుంటూ ఉండిపోయాను.

శనివారం మధ్యాహ్నం భవనం నిండిపోయింది. ఫ్యాక్టరీలో పనిచేసిన ఆడవాళ్ళు జుట్టు సెట్ చేయించుకుని వచ్చారు. వ్యాపారి మాట్లాడాడు, నగర పెద్దలు మాట్లాడారు, ఇంజనీరుగారికి పూలగుత్తి ఇచ్చారు. తర్వాత సెంకాను పిలిచారు. నేను టీవీ, ఆట పెట్టె మోసుకొచ్చి పెట్టాను. ఆమె బల్ల మీద మీమాలను వరసగా కూర్చోబెట్టింది. ఇదేదో అలంకారం అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

ఆమె మైకు దగ్గరికి పోలేదు. బొమ్మల పొట్టలు నొక్కి మేకుల మీద వేళ్ళు పెట్టింది.

మొదటి బొమ్మ మామూలుగానే మొదలెట్టింది. "నేను మంచి పిల్ల" దగ్గర తెగింది. పిల్ల, పిల్ల, పిల్ల, పిల్ల అంటూ తిరగలిలా తిరగసాగింది. రెండోది "ఏడవ" దగ్గర చిక్కుకుంది. ఏడవ, ఏడవ, ఏడవ. మాట చివరి దాకా పోనే పోదు. మూడోది మాట పూర్తిగా వదిలేసి రంకె వేసింది. ఆ పైన అన్నీ కలిశాయి. ఒకటి పందిపిల్లలా కీచుమంటే, ఇంకొకటి పైపులో గాలిలా బొబ్బరించింది. తెర మీద తెల్ల గీతలు చిరిగి, మెలి తిరిగి, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ముందు వరసలో ఒక పాప చెవులు మూసుకుంది. వ్యాపారి చిరునవ్వు అలాగే పెట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు.

జనం లేవడం మొదలెట్టారు. ఇదేం పిచ్చి, ఎవరైనా ఆపండి అని వెనక నుంచి గొంతులు. బొరివోయ్ గారు పూలగుత్తితోనే వేదిక ఎక్కాడు.

"ఆపు సెంకా. నన్ను ఊరందరి ముందు నిలబెట్టి కొడుతున్నావు."

ఆమె ఒక్కొక్క వేలే తీసింది. బొమ్మలు ఒకటొకటిగా ఆగాయి. అప్పుడు మైకు ముందుకొచ్చింది.

"ఆ రోజు నా చెయ్యి విరిగింది నాన్నా. నీకు తెలుసు. కాగితం కుడిచేత్తో పట్టుకో అన్నావు."

"బెణికిందనుకున్నాను. విరిగిందని ఎవరికి తెలుసు? చిన్నపిల్లలు ఊరికే ఏడుస్తారు."

"నేనెప్పుడు ఊరికే ఏడ్చాను? ఒక్కటి చెప్పు."

ఆయన జనం వైపు తిరిగి, ఆమెకు ఒంట్లో బాగోలేదు, విడాకుల తర్వాత ఇలా అయిపోయింది అన్నాడు. ఆ మాటతో సెంకా ముఖం ఎర్రబడింది. కొడుతుందేమోనని నేను ముందుకు అడుగు వేశాను. కొట్టలేదు. బొమ్మలను సంచిలో వేసుకుని మెట్లు దిగి, జనం మధ్యలోంచి బయటికి నడిచింది. తలుపు దగ్గర ఫ్యాక్టరీలో ప్యాకింగులో పనిచేసిన ఒక పెద్దావిడ ఆమెకు దారి ఇవ్వకుండా నిలబడింది. తిడుతుందనుకున్నాను. ఆ చొక్కా చెయ్యి పైకి తియ్యి అంది. సెంకా తీసింది. ఆవిడ ఆ మణికట్టును రెండు చేతులతో పట్టుకుని చూసి, పక్కకు తప్పుకుంది.

ఊరు రెండుగా చీలింది. తండ్రిని నలుగురిలో నిలబెట్టి అవమానించిందని ఎక్కువ మంది తిట్టారు. లాండ్రీలో కొందరు ఆమెతో మాట మానేశారు. ప్రదర్శనలో గోడ మీద పెట్టిన ఆమె చిన్ననాటి ఫోటోను తీసేశారు. వ్యాపారి కొత్త మీమాకు వేరే పిల్ల గొంతు పెట్టించాడు. అది అంతగా అమ్ముడుపోలేదు. ఇంకోవైపు, ఆడవాళ్ళు అటకల మీద నుంచి పాత మీమాలు దించి నా కొట్టుకు తేవడం మొదలెట్టారు. ఇది కూడా అరిచేలా చెయ్యమనండి అనేవాళ్ళు. ఎందుకని నేను అడగలేదు. ఒకావిడ మాత్రం అడగకుండానే చెప్పింది, మా అమ్మ నా నోరు మూయించడానికి దీన్ని నా ముందు పెట్టేది అని.

ఆకులు రాలే కాలంలో ఇంజనీరుగారు నా కొట్టుకు వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. చేతిలో అట్టపెట్టె. దాంట్లో ఒక మీమా, పెట్టెలోంచి ఎప్పుడూ బయటికి తియ్యనిది. పాత బ్యాటరీలు కారి లోపల తుప్పు పట్టింది.

"మాట్లాడ్డం లేదురా. చూడు."

సాయంత్రం సెంకాకు చెప్పాను. ఆమె టంకం కర్ర పక్కన పెట్టేసింది. నా మీద కూడా మండిపడుతుందనుకున్నాను.

"బాగుచెయ్యి. ఒక్క తీగ కూడా మార్చకు. ఎలా ఉండేదో అలాగే వినాలి ఆయన."

తుప్పు గీకాను, స్పీకరు పోయింది కాబట్టి కొత్తది వేశాను. ఇంజనీరుగారు నా బల్ల ముందు స్టూలు మీద కూర్చుని పొట్ట నొక్కాడు. విన్నాడు. మళ్ళీ నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎన్నోసారికో ఆయన వేలు ఆగిపోయింది.

"స్పీకరులో ఏదో లోపం ఉందిరా. వణుకుతోంది."

"కొత్త స్పీకరండి" అన్నాను.

ఆయన బొమ్మను పెట్టెలో పెట్టి, మూత సరిగ్గా పడకపోతే తీసి మళ్ళీ పెట్టి, వెళ్ళిపోయాడు.

జరిగింది జరిగినట్టు సెంకాకు చెప్పాను. మెత్తబడుతుందేమోనన్న ఆశ నాలో ఉంది. లేదనను. ఆమె మెత్తబడలేదు. స్పీకరు అన్నాడా అని ఒకసారి, స్పీకరా అని ఇంకోసారి అంది. ఆ పూట టంకం పెడుతూ ఒక బొమ్మ పలకను కాల్చి పారేసింది. తండ్రీకూతుళ్ళు ఇప్పటికీ మాట్లాడుకోరు. ఆయన రెండు వీధుల అవతల ఉంటాడు, ఆమె ఆ వీధిలోంచి నడవదు. వచ్చే శనివారం నోవి సాద్ నగరంలో ఎవరో కుర్రకారు ఒక నేలమాళిగలో ఆమెతో ఈ బొమ్మల కచేరీ పెట్టిస్తున్నారు. టీవీ బరువు, తను మొయ్యలేదు, నేనూ వెళ్తున్నాను.