వీపుకు తెలియని దెబ్బ

మా ఆయన కియోతకా డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. వారమంతా పక్క సీట్లో కూర్చుని, "అద్దం చూశావా? ఆగావా? దాన్ని ఆగడమంటారా?" అంటూ మా చిబా ఊరి కుర్రకారు ప్రాణం తీసే మనిషి. ఆదివారం వచ్చిందంటే మాత్రం ఆకుల బొమ్మల చొక్కా తొడుక్కుని ఇంజాయ్ అనే ఊరి అడవికి బొమ్మ తుపాకీ యుద్ధానికి పోతాడు. యాభై దాటాక పట్టిన పిచ్చి. అన్నం, చేపలు కట్టుకుని వెనకాలే నేనూ పోతాను. ఆడను. ఆట మైదానం చుట్టూ కట్టిన వల బయట కుర్చీ వేసుకుని చూస్తాను.

ఆ ఆటలో తుపాకీకన్నా నమ్మకం ముఖ్యం. బఠాణీ గింజంత ప్లాస్టిక్ గుండు తగిలితే రంగు అంటదు, గంట మోగదు. తగిలినవాడే చెయ్యెత్తి "హిట్!" అని అరిచి బయటికి నడవాలి. నడిచేటప్పుడు నోరెత్తకూడదు, చచ్చినవాడు మాట్లాడడు కాబట్టి. "నీకు తగిలింది" అని ఇంకొకరు ముఖం మీద అనడం మర్యాద కాదు. తగిలినా అరవకుండా ఆడుతూ పోయేవాణ్ణి వెనకాల జాంబీ, అంటే చచ్చీ తిరిగే శవం, అంటారు. అంతకంటే పెద్ద తిట్టు ఆ అడవిలో లేదు.

మొదట్లో వట్టి చొక్కాతో ఆడేవాడు. ఇంటికొచ్చాక చూస్తే వీపంతా ఎర్రటి బొబ్బలు. "దద్దుర్లొచ్చినవాడిలా ఉన్నారు, ఏదైనా మందమైనది కొనుక్కోరాదూ" అన్నాను. అనడమే ఆలస్యం, అకిహబరా బజారులో ఒక దుకాణం మూడో అంతస్తుకు లాక్కెళ్లాడు. గోడ నిండా వెస్టులే.

"మీరు ఎక్కువగా పాకుతారా సార్, నిలబడి ఆడతారా?" అన్నాడు దుకాణదారు. "పాకేవాళ్లకైతే ఇదిగో, ఇది మంచిది. భుజాలకు పట్టీలు, ముందు మూడు జేబులు, అంతే. వీపు ఖాళీ, గాలి ఆడుతుంది. ఇంకోటి అదిగో, నిండు కవచం. ముందూ వెనకా స్పాంజి పలకలు. చూడ్డానికి బాగుంటుంది గానీ..."

"నొప్పి తెలుస్తుందా?" అన్నాడు మా ఆయన.

"దేంట్లో?"

"ఆ నిండు దాంట్లో."

"తెలియదు సార్. అదే చెప్పబోతున్నా..."

"అదే ఇవ్వండి." చెప్పబోయింది చెప్పనిస్తే కదా!

కొన్నాక జేబులు నింపడం మొదలైంది. ఖాళీ జేబు ఉంటే ఆయనకు నిద్ర పట్టదు. తుపాకీ గుళ్ల డబ్బాలు, నీళ్ల సంచి, తాడు, దిక్సూచి, గాయాలకు కట్టే పట్టీలు, ఉప్పు రేగుపండు బిళ్లలు. ఇంజాయ్ అడవిలో ఎటు నడిచినా కాసేపటికి కూరగాయల తోటలు వస్తాయి, దిక్సూచి ఎందుకో ఆయనకే తెలియాలి. ఇక బోర్లా పడుకుంటే పొట్ట కింద ఆ సంచులన్నీ ఎత్తు పెట్టినట్టయి, తల గడ్డి పైకి తేలేది. దాక్కున్నాననుకునేది ఆయనొక్కడే.

అయినా ఆశ్చర్యం, గెలవడం మొదలుపెట్టాడు. "ఇవాళ ఒక్కసారి కూడా చావలేదు, చిజురూ!" అని దారంతా ఈల వేసుకుంటూ బండి నడిపేవాడు. అంత సంతోషం చూసి నాకూ ముచ్చటేసింది.

ఒక ఆదివారం భోజనాల దగ్గర, మైదానం నడిపే అమ్మాయి మైకు పట్టుకుంది. "అందరికీ చిన్న మనవి. తగిలిందేమోనని అనుమానం వచ్చినా సరే, దయచేసి హిట్ చెప్పండి. మందపాటి వెస్టులు వేసుకున్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండండి." ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది, అంత మందపాటి వెస్టు అక్కడ ఒక్కటే. అందరూ చాలా శ్రద్ధగా తమ కూర పళ్లేల్లోకి చూసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఊరందరికీ రూల్సు నేర్పే మనిషిని దొంగ అంటారా?

కారు దగ్గరికి వాకుయి షున్‌పేయి వచ్చాడు. మా ఆయన దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న కుర్రాడే, ఇప్పుడు పసుపు జట్టులో ఆడతాడు. మెడ గోక్కుంటూ నిలబడ్డాడు.

"మాస్టారూ, మైకమ్మాయికి చెప్పింది నేనే. వేరేవాళ్ల నోట మీకు తెలియకూడదని వచ్చా."

"ఏం చెప్పావు?"

"పొద్దున మీ వీపు మీద వరసగా కొట్టాను. మీరు తిరిగి కూడా చూడలేదు. నన్ను మాత్రం మీరు తర్వాత చంపేశారు."

"నాకేం తగల్లేదు!"

"సరే మాస్టారూ" అని వంగి దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ "సరే" మా ఆయనకు బాగా గుచ్చుకుంది. దారిలో ఈల లేదు. ఇంటి సందు మలుపులో మాత్రం, "నిజంగా తెలియలేదా? లేక తెలుసుకోవాలని లేదా నాకు?" అన్నాడు. నేనైతే తిట్టుకుని మర్చిపోయేదాన్ని. ఆయనకు తెలుసుకోకపోతే ముద్ద దిగదు.

మర్నాడు పెరట్లో, గుళ్లు బయటికి పోకుండా బట్టల కర్రలకు పాత కర్టెన్లు కట్టాడు. నాకు కళ్లజోడు పెట్టి, తుపాకీ చేతికిచ్చాడు. తను వెస్టు తొడుక్కుని, చెవుల్లో దూది కుక్కుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "నీ ఇష్టమొచ్చినప్పుడు కొట్టు. తగలగానే చెయ్యెత్తుతా."

సరిగ్గా అప్పుడే పక్కింటి మురోయి గారు పెర్సిమన్ పళ్ల బుట్టతో కంచె దగ్గరికొచ్చారు. నన్ను చూశారు, గోడకేసి నిలబడ్డ ఆయన్ని చూశారు.

"ఏమైనా గొడవ పడ్డారా, చిజురు గారూ?"

"లేదండీ, ఆయనే కొట్టమన్నారు."

"అలాగా. పళ్లు ఇక్కడ పెట్టి వెళ్తాను" అని బుట్ట దించి, గబగబా లోపలికి పోయి తలుపు వేసుకున్నారు.

నేను కొట్టాను. పెళ్లయినప్పటి నుంచి మూటగట్టుకున్నవన్నీ గుర్తొచ్చాయేమో, గురి బాగానే కుదిరింది. ఆయన కదల్లేదు. మళ్లీ కొట్టాను. డబ్బా ఖాళీ అయ్యేదాకా కొట్టాను.

"ఏమిటే ఆలస్యం? మొదలుపెట్టు" అన్నాడు గోడతో.

దగ్గరికెళ్లి భుజం తట్టాను. చెవిలో దూది తీసి, "అయిపోయిందండీ" అన్నాను.

కింద గడ్డిలో తెల్లటి గుళ్లు చల్లినట్టున్నాయి. వంగి ఒక గుప్పెడు ఏరాడు. "అయితే ఇన్నాళ్లూ నేను చచ్చి తిరుగుతున్నానన్నమాట" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అబద్ధం ఆడలేదు పాపం, కానీ వాకుయి చెప్పిందీ అబద్ధం కాదు.

తర్వాత ఆ పెరడు ప్రయోగశాల అయింది. మొదట వెనక స్పాంజి పలక తీసి చూశాడు. కొన్ని తెలిశాయి, జేబుల మీద తగిలినవి తెలియలేదు. వెనక జేబులు కోసేశాడు. ఇంకాస్త నయం. చివరికి అకిహబరా వెళ్లి ఆ పట్టీల వెస్టే తెచ్చుకున్నాడు, ఈసారి దుకాణదారు మాట చివరిదాకా విని మరీ. వీపు మీద పలచటి చొక్కా. నేను ఒక్కటి కొట్టగానే "అమ్మా!" అని ఎగిరాడు. నొప్పి పుట్టినందుకు అంత సంబరపడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున్నే, అందరూ వరసలో నిలబడ్డప్పుడు ముందుకెళ్లి నడుం వంచాడు. "ఇన్నాళ్లూ చావాల్సినచోట చావలేదు. క్షమించండి." ఎవరో నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు. అయినా నమ్మకం కుదిరిందని నాకనిపించలేదు. మా ఆయన ఆడే ఎర్ర జట్టు నాయకుడు ఎబిసావా కూడా, "చూద్దాంలే" అన్నట్టు తల ఊపాడు.

ఆఖరి ఆట. అడవి నడుమ ఒక పీపా మీద బొత్తాం ఉంటుంది, గడువు సైరను మోగేలోగా ముందు నొక్కిన జట్టు గెలిచినట్టు. ఎర్ర జట్టులో మిగిలింది మా ఆయన, పసుపు జట్టులో వాకుయి. వల దగ్గర నుంచి నాకిద్దరూ కనిపిస్తున్నారు. వాకుయి దుంగ చాటున డబ్బా విదిలించి చూసుకుంటున్నాడు, గుళ్లు అయిపోయినట్టున్నాయి. మా ఆయన బోర్లా పడుకుని, ఈసారి తల తేలకుండా, చక్కగా పాకుతూ పీపా దాకా వచ్చేశాడు. చెయ్యి చాచితే బొత్తాం. నేను కుర్చీలోంచి లేచాను.

అప్పుడు ఓక్ చెట్టు మీద నుంచి ఒక కాయ రాలి ఆయన వీపు మీద పడింది. పడటం నేను కళ్లారా చూశాను.

"హిట్!"

అడవంతా వినపడేలా అరిచి, చెయ్యెత్తి లేచి నిలబడ్డాడు.

వాకుయి దుంగ చాటు నుంచి బయటికొచ్చాడు. "మాస్టారూ, నేను కొట్టలేదు! నా దగ్గర గుళ్లే లేవు. అది కాయ!"

మా ఆయన జవాబు చెప్పలేదు. చచ్చినవాడు మాట్లాడకూడదు కదా. గడ్డంతో బొత్తాం వైపు చూపించి, ఎత్తిన చెయ్యి దించకుండా బయటికి నడిచాడు. వల బయట నా పక్కన ఎబిసావా నెత్తి పట్టుకున్నాడు. పసుపు జట్టువాళ్లు "నొక్కు, నొక్కు" అని గోల. వాకుయి పీపా దగ్గరికెళ్లాడు. బొత్తాం మీద చెయ్యి పెట్టి మళ్లీ తీసేశాడు. అలాగే నిలబడ్డాడు, సైరను మోగేదాకా. ఆట ఎవరిదీ కాకుండా పోయింది.

"బుద్ధుందా నీకు? ఎందుకు నొక్కలేదు?" అని వాళ్ల నాయకుడు వాడి మీద విరుచుకుపడ్డాడు.

వాకుయి మా ఆయన వైపు చూశాడు. "మాస్టారు బతికే ఉన్నారు. ఎలా నొక్కమంటారు?"