చేతిలో పడని సత్యం

మద్రాసు మనదా కాదా అని అందరూ వాదించుకుంటున్న రోజులవి. నేను గుంటూరు కాలేజీలో ఫిలాసఫీ చెప్పేదాన్ని. సత్యం మాటలకు అందదని ఒక వ్యాసం రాసి, సభలో చదవడానికి మద్రాసు వెళ్లాను. వాషర్‌మెన్‌పేటలో బంధువులింటికి బస్సులో వెళ్తుంటే, పక్కన కూర్చున్న పెద్దావిడ వచ్చిన పనేమిటని అడిగింది. తరాల కిందట అక్కడ స్థిరపడిన తెలుగింటావిడ.

“సత్యం గురించి మాట్లాడాలండీ,” అన్నాను.

“ఎవురికి జెయ్యాల సత్యం?”

“చెయ్యడమేమిటి? సత్యం చెప్పాలి గదా!”

ఆవిడ నవ్వింది. “చెప్పేది నిజం మా. సత్యం జేసేది. ఇట్లా, చేతిలో కొట్టి.”

మనం ఒట్టు అనేదాన్ని తమిళం కలిసిన ఆ తెలుగులో సత్యం అంటారని అప్పుడర్థమైంది. నాకు కాస్త ఒళ్లు మండింది. నా వ్యాసంలో సంగతంతా పట్టుదలగా వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, అరచెయ్యి నా ముందు చాపింది.

“సత్యం మాటల్లో దొరకదంటా వుండావు. సరే మా, ఆ మాట నిజమేనని నాకు సత్యం జెయ్యి.”

నవ్వెయ్యబోయాను, నవ్వు రాలేదు. చెయ్యి లేచింది గానీ ఆవిడ చేతిలో పడలేదు. ఆవిడ తొందరపెట్టలేదు. తన స్టాపు రాగానే చాపిన చేత్తోనే కమ్మీ పట్టుకుని దిగిపోయింది.

మర్నాడు వ్యాసం చదివాను. సభంతా చప్పట్లు కొట్టింది. అన్ని చేతులు అలా మోగుతుంటే, నా కుడిచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.