తెరల వెనక డ్రైవరు

ఆ రోజుల్లో రాయగడలో ఒక కుటుంబం పరువు తెలుసుకోవడానికి ఇల్లు చూడనక్కరలేదు, వాళ్ళ బండి ఎవరు నడుపుతున్నారో చూస్తే సరిపోయేది. తనే నడుపుకుంటే ఉద్యోగస్తుడు, డ్రైవరు నడిపితే దొరగారు. మేం దొరలం. (భూములు పోయాయి, ఏనుగు అంతకుముందే పోయింది, మేడ పై అంతస్తు ఒక వానాకాలంలో తనంతట తానే కింది అంతస్తులోకి దిగింది. అయినా దొరలమే.) చివరికి మిగిలింది తాతగారి నాటి పొడుగు జీపు. పదిమంది పట్టే ఆ జీపుకి ఘోషా పాటించే ఆడవాళ్ళ కోసం కట్టించిన ముదురెరుపు తెరలు ఉండేవి. దించితే నేలదాకా వేలాడేవి. వాటి మధ్య కూర్చుంటే ప్రపంచమంతా ఎర్రటి కలలా ఉండేది తప్ప, బయట ఏ ఊరు దాటిందో తెలిసేది కాదు.

నాకప్పటికి ఇరవై రెండేళ్ళు, వెన్ను మాత్రం తాతగారిదంత నిటారు. కోరాపుట్‌లో మా మామ్మ చెల్లెలి ఇంట షష్టిపూర్తి. అక్కచెల్లెళ్ళు చూసుకుని ఏళ్ళయింది. మామ్మ జన్మలో బస్సెక్కిన మనిషి కాదు, వెళ్తే సొంత బండిలోనే వెళ్ళాలి. సరిగ్గా ఆ వారమే మా డ్రైవరు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి దండం పెట్టి వెళ్ళిపోయాడు. నడపడం నాకూ వచ్చు, ఊరు దాటాక ఎవరు చూడొచ్చారు? చిక్కల్లా ఇంజనాయిల్‌తో వచ్చింది. అది తారులా మారింది, ఆ నూనెతో దారిలోని లక్ష్మీపూర్ కొండల ఘాటీ ఎక్కితే ఇంజను పట్టేస్తుంది. మెకానిక్ షెడ్డుకి నేనే తీసుకెళ్తే, డ్రైవరు లేడన్న సంగతి సాయంత్రానికి బజారంతా తెలిసిపోతుంది. అందుకని పెరట్లో నేనే మార్చేద్దామని నిశ్చయించుకున్నాను. కొట్లో ఉన్న ఒకే ఒక్క డబ్బా కొనేశాను. మళ్ళీ సరుకు విజయనగరం నుంచి రావాలి.

తీరా తెల్లారి చూద్దును కదా, మామ్మ పట్టుచీర కట్టుకుని, సున్నుండల డబ్బా ఒళ్ళో పెట్టుకుని జీపులో కూర్చుని ఉంది. మంచి ఘడియ దాటిపోతోందని ఎక్కేసిందట.

"ఆయిలు మార్చాలి మామ్మా, కాసేపు దిగు."

"ఎక్కిన బండి దిగితే పయాణం సెడిపోద్ది. నీ పనేదో నువ్వు సేసుకో, నానేటీ అడ్డం రాను."

తెరలు దించి, మామ్మ పెళ్ళినాటి ఇత్తడి గంగాళం తీసుకుని, చొక్కా విప్పి జీపు కిందకి దూరాను. సరిగ్గా అప్పుడే గోడ అవతల నుంచి పక్కింటి రైల్వే గార్డుగారి గొంతు వినిపించింది. "బాబుగారూ! డ్రైవరు ఉజ్జోగం మానేసేడని ఇన్నాను, నిజవేనా అండీ?"

నా వెన్ను అక్కడే, ఆ ఇంజను కిందే, నిటారు కాబోయి తల ఠంగుమంది. "ఎవరన్నారండీ? ఇక్కడే ఉన్నాడు, పని చేస్తున్నాడు," అన్నాను. అని ఊరుకుంటే బాగుండేది. గట్టిగా, "ఏరా, నట్టు విప్పావా?" అని గద్దించి, ముక్కుతో నేనే, "సిత్తం బాబూ, ఇప్పేత్తన్నాను," అని జవాబిచ్చాను.

మొదలుపెట్టిన నాటకం ఆపడం కష్టం. గార్డుగారు గోడ దగ్గరే పళ్ళు తోముకుంటున్నారు. తిట్టాల్సి వచ్చినప్పుడల్లా తెర బయటికి వచ్చి నిలబడి తిట్టేవాణ్ణి, జవాబు చెప్పడానికి మళ్ళీ కిందకి దూరేవాణ్ణి. (నిజం చెప్పొద్దూ, ఆ డ్రైవరు నాకంటే వినయంగా ఉండేవాడు.) నల్ల నూనె గంగాళంలోకి దిగిపోయింది. గంగాళం పక్కకి జరిపి, పైకొచ్చి కొత్త డబ్బా వంచాను. ఆ నూనె తేనెలా, సన్నని బంగారు దారంలా దిగుతోంది. కొండల మీంచి మంచు జారుతోంది, ఎక్కడినుంచో తడిమట్టి వాసన. ఆ దారం చూస్తూ చూస్తూ నేను కోరాపుట్ చేరిపోయాను. జీపు ఆగింది, జనం పక్కకి తప్పుకున్నారు, మామ్మ చెల్లెలు హారతిపళ్ళెంతో ఎదురొచ్చింది. డబ్బా ఖాళీ అయ్యేసరికి కాళ్ళకి చల్లగా తగిలింది.

విప్పిన అడుగు నట్టు ఇంకా నా లాగు జేబులోనే ఉంది.

రాత్రి కురిసిన వాననీళ్ళ మీద నూనె రంగురంగులుగా పరుచుకుంటోంది. ఇక ప్రయాణం లేదు. మామ్మ చెల్లెల్ని చూడబోదు. అప్పుడు ఎర్రతెర కొంచెం తొలగింది.

"ఏటయిందిరా?"

"డ్రైవరు... నట్టు బిగించడం మర్చిపోయాడు మామ్మా. ఆయిలంతా పోయింది."

మామ్మ నా నల్లటి చేతులకేసి చూసింది. గోడవైపు చూసింది. తర్వాత ఆ వీధి ఎన్నడూ వినని గొంతుతో, "అయితే ఆణ్ణి ఇప్పుడే పన్లోంచి తీసెయ్! ఇలాంటోడి బండి నానెక్కను. బస్సులో పోదాం పద!" అంది.

"మరి దిగితే ప్రయాణం చెడిపోతుందన్నావు?"

"దిగడం నేదురా, బండి మారతన్నాం."

గార్డుగారు నోట్లో పుల్ల తీసి, "పెద్దమ్మగారు మాబాగా సేసేరు. పనోళ్ళకి అలాగే ఉండాల," అన్నారు.

మామ్మ ఒక తెర ఊడదీయించి తెచ్చి, బస్సు కిటికీకి కట్టించింది. ఘాటీ మొదలయ్యాక గాలికి ఒక కొస ఊడింది. కట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆ దారిలో ఎన్నిసార్లు వెళ్ళిందో, ఒక్కసారీ చూడలేదు. లోయలో మేఘాలు, వాలు మీద పచ్చని రాగిచేలు, మలుపు మలుపుకీ కింద పడిపోయే వాగు.

"ఈ దారి ఇలాగుంటాదేట్రా!" అంది చివరికి. లక్ష్మీపూర్‌లో బస్సు ఆగినప్పుడు డబ్బా మూత తీసి ఒక సున్నుండ నాకిచ్చింది. కిటికీ బయటికి చూస్తూనే ఇంకొకటి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది డ్రైవరుకి. పాపం, పొద్దున్నుంచీ ఆడేటీ తిన్నేదు."

రెండూ నేనే తిన్నాను.

మామ్మా లేదు, జీపూ లేదు. ఇప్పుడు నా చిన్నకారు నేనే నడుపుకుంటాను, దాని నూనె కూడా నేనే మార్చుకుంటాను. ఈ ముసలాయన కారు కింద ఎవరితో మాట్లాడుతున్నాడా అని మా వీధివాళ్ళు ఆగి వింటారట. విననీండి. కొత్త డబ్బా మూత తీసే ముందు నేను ఒక్కసారి గొంతు సవరించుకుంటాను. "ఏరా, నట్టు బిగించావా?"

"సిత్తం బాబూ."