గేటు ముందు సుద్దగీత

టీచరమ్మగారు పోయారన్న కబురు మా ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపులోకి రాకముందే గేటు బయట ప్రమిదలమ్మే ముసలాయన నోటి వెంట విన్నాను. దీపావళి నాటి కాళీపూజకి ముందు రోజు ఉదయం, పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగాను. ఆ వేళకి ఆయన పట్టా విప్పి ప్రమిదలు పేర్చుకుంటూ ఉండాలి. ఆ రోజు పట్టా కప్పినట్టే ఉంది, ఆయన దాని పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. "సెక్రటరీబాబూ, దిదిమొని ఇక లేరు. నిద్రలోనే వెళ్ళిపోయారట," అన్నాడు బెంగాలీలో.

దిదిమొని అంటే ఇక్కడివాళ్ళ మాటలో పంతులమ్మ. మా భవనంలో కింది వాటాలో ఉండే ఆవిడని తెలుగువాళ్ళం, ఉన్న నాలుగిళ్ళ వాళ్ళమూ, టీచరమ్మగారు అనేవాళ్ళం. మిగతా వీధంతా దిదిమొని అనేది. ఎనభై దాటిన మనిషి, ఎవరి చేతా చేయించుకోకుండా పోయారు. ఆవిణ్ణి తలుచుకుంటే నాకు ముందు నవ్వే వస్తుంది. అందులో సగం నా మీద నేను నవ్వుకునే నవ్వు. ఎందుకంటే ఆ ప్రమిదల ముసలాయనతో సహా మా గేటు ముందు చేరే వాళ్ళందర్నీ ఎత్తేయించమని మూడేళ్ళ కిందట అర్జీ రాసిన ఘనుణ్ణి నేనే.

మా భవనం కలకత్తాలో గరియాహాట్ బజారుకి నాలుగడుగుల దూరంలో ఉంది. ఏడాది పొడుగునా ఉండే దుకాణాల సంగతి వేరు. మా గేటు ముందున్న ఫుట్‌పాత్ ముక్క మాత్రం ఏ కాలానికి ఆ కాలం వచ్చిపోయేవాళ్ళది. దుర్గాపూజలకి ముందు బట్టలవాళ్ళు, కాళీపూజకి ప్రమిదలు, చలికి స్వెట్టర్లు, సరస్వతీ పూజకి మట్టి బొమ్మలు, డోల్ అనే హోలీకి రంగులు, చైత్రమాసంలో చవక అమ్మకాలు. టీచరమ్మగారి గోడకి చర్చివాళ్ళిచ్చిన క్యాలెండరు ఉండేదిగానీ ఆవిడ దాని వంక చూసేవారు కాదు. కిటికీలోంచి బయటికి చూసి, "సరస్వతులు దిగీసారు బాబూ. మీ పిల్లలకి పదిరోజులు చదువు మీద భక్తొచ్చీస్తాది, చూస్తండు," అనేవారు.

ఆవిడది శ్రీకాకుళం వైపు క్రైస్తవ కుటుంబం. నాన్నగారు రైల్వేలో పనిచేస్తూ హౌరా పక్కన సంత్రాగాఛి క్వార్టర్లలో ఉండేవారట. ఆవిడ అక్కడే పెరిగి, రైల్వే బడిలో తెలుగు పిల్లలకి మూడో తరగతి చెబుతూ రిటైరై, మేనకోడలితో కలిసి మా భవనంలోకి వచ్చారు. రిటైరై ఇరవై ఏళ్ళు దాటినా హ్యాండ్‌బ్యాగులో సుద్దముక్క ఉండేది. కళ్ళజోడు తీసినా, రుమాలు తీసినా తెల్లగా పొడి రాలేది. జనాభా లెక్కలకీ, ఎన్నికల డ్యూటీకీ వెళ్ళని ఏడు లేదని గర్వంగా చెప్పుకునేవారు. "నాను తట్టని తలుపు హౌరాలో నేదు," అనేవారు.

ఇక నా సంగతి. నేను బ్యాంకు బదిలీ మీద బెజవాడ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినవాణ్ణి. ఫుట్‌పాత్ నడవడానికి వేస్తారని చిన్నప్పుడు చదువుకున్నాను. ఆ నమ్మకంతో నడుస్తూ ఒకనాడు బట్టల కొట్టు వెదురుబొంగుకి నుదురు కొట్టుకున్నాను. బొప్పి కట్టింది. ఆఫీసులో అందరూ అడిగారు. ఆ ఏడు మా వాళ్ళు నన్ను ఫ్లాట్ల కమిటీకి సెక్రటరీని చేశారు, కాదనడం నాకింకా చేతకాదు కనక. నుదుటి బొప్పీ, చేతిలో పదవీ రెండూ ఒకేసారి రావడంతో ఆవేశంగా కూర్చుని అర్జీ రాశాను. గేటుకి అటూ ఇటూ కాలానుగుణంగా వెలిసే అంగళ్ళన్నీ తొలగించాలని నివాసులందరి ఏకాభిప్రాయం, అని మొదలుపెట్టాను. ఏకాభిప్రాయం అన్న మాట రాశాక ఒకసారి బయటికి చదువుకున్నాను కూడా.

అప్పటికి చలి మొదలవుతోంది. మా గేటు పక్కనే ఏటా కొండల నుంచి వచ్చి స్వెట్టర్లమ్మే ఒకామె ఉంటుంది. అందరికీ స్వెట్టర్ల దీదీ. ఆమె సంపాదనంతా ఈ రెండున్నర నెలలదే, అదీ కలకత్తా చలిని నమ్ముకుని. ఈ చలి ఎంత మాత్రపుదో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఈ బజారులో ఎవరి చోటు వాళ్ళకుంది కనక ఇక్కణ్ణించి లేపితే ఆమెకి ఆ ఏడు మరో చోటు దొరకదు. అర్జీ సంగతి తెలిసి, తెచ్చిన రెండు మూటల్లో ఒకటే విప్పి, రెండోది తాళ్ళు కట్టినట్టే పక్కన పెట్టుకుని కూర్చుంది.

సంతకాల కోసం ముందు టీచరమ్మగారి దగ్గరికే వెళ్ళాను. పంతులమ్మ, క్రమశిక్షణ గల మనిషి, అడ్డు చెప్పరని ధీమా. ఆవిడ ఆసాంతం చదివి, రెండు చోట్ల కామాలు పెట్టి, కాగితం వెనక్కిచ్చేశారు.

"ఏటి బాబూ, జవాబు బాగానే రాసీసావు. ప్రశ్నేదీ?"

"ప్రశ్నేముందండీ టీచరమ్మగారూ, అందరి మనసులో ఉన్నదే కదా."

"నన్ను నువ్వు అడిగినావా?"

"ఇప్పుడు అడుగుతున్నాను కదండీ."

"సంతకం అడుగుతున్నావు. నా మాట అడగనేదు," అన్నారు. "ఒక్క వారం ఆగు. నానడుగుతాను అందర్నీ. అందరూ వొద్దంటే ముందు సంతకం నాదే."

మర్నాడు పొద్దున ఆఫీసులకి వెళ్ళే వేళకి చూస్తే ఆవిడ గేటు పక్కన, స్వెట్టర్ల దీదీ అంగడి అంచున, వెదురుతో అల్లిన మోడా పీట మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో పాత హాజరు పట్టీ. బడిలో పిల్లలకి వేసేదే, మిగిలిపోతే ఇంటికి తెచ్చుకున్నారట. పేర్ల గడిలో మా ఫ్లాట్ల వరస, ఒక్కొక్క రోజుకీ ఎదురుగా రెండు గడులు, పొద్దున పూటదొకటి, మాపటి పూటదొకటి. దాటివెళ్ళే ప్రతివాళ్ళనీ ఆపి ఒకే ప్రశ్న: "వీళ్ళు ఇక్కడుండాలా, అక్కర్లేదా?"

పొద్దున తొమ్మిదింటికి కలకత్తాలో హాకర్లని సమర్థించే మనిషి ఉండడు. మెట్రో అందుకోవాలి, బడి బస్సు అందుకోవాలి, కాలికి అడ్డంగా మూట. మూడో అంతస్తు కాలేజీ ప్రొఫెసరుగారు నగర నాగరికత గురించి పది నిమిషాలు చెప్పి బస్సు అందుకోలేకపోయారు. అందరిదీ ఒకే మాట, అక్కర్లేదు. నేను పక్కన నిలబడి లోపల్లోపల పొంగిపోయాను.

సాయంత్రం ఆవిడ మళ్ళీ అదే మోడా మీద ఉన్నారు. అదే ప్రశ్న, అవే మనుషులు. ఇప్పుడు వాళ్ళ చేతుల్లో సంచులున్నాయి. ప్రొఫెసరుగారి భార్య ఒక శాలువా భుజాన వేసుకుని, ఇంకోటి బేరమాడుతూ, "ఉండనీ దిదిమొని, పాపం, ఈ నాలుగు రోజులే కదా," అంది. ప్రొఫెసరుగారు వీధి వ్యాపారం నగరానికి ప్రాణమన్నారు, ఈసారీ పది నిమిషాలు. టీచరమ్మగారు ఎవరినీ ఎత్తిపొడవలేదు. మాపటి గడిలో రాసుకున్నారంతే.

మూడో రోజు సాయంత్రం నా వంతు వచ్చింది. బెంగాలీల మంకీ క్యాపుల మీద నేను వెయ్యని జోకు లేదు. కానీ ఆ వారం చెవుల్లో చలిగాలి దూరి తలనొప్పి పట్టుకుంది. దీదీ దగ్గర గోధుమరంగు మంకీ క్యాపు ఒకటి కొని, పొట్లం కోటు లోపల దాచుకుని గేటు దాటబోతున్నాను.

"సెక్రటరీ బాబూ, ఉండాలా, అక్కర్లేదా?"

నేను కోటు సర్దుకున్నాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి నా కోటు ఉబ్బు వంక చూసి, "జవాబు గట్టిగా చెప్పనక్కర్లేదులే," అని నా గడిలో ఏదో రాసేశారు.

ఆదివారం కార్లు పెట్టుకునే చోట సమావేశం. గేటు బయట స్వెట్టర్ల దీదీ, విప్పని మూట మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. టీచరమ్మగారు లేచి, శ్రీకాకుళం సాగదీతతో తన బెంగాలీలో హాజరు పిలవడం మొదలుపెట్టారు. ఒకటో అంతస్తు, రోడ్డు వైపు వాటా: పొద్దున అక్కర్లేదు, సాయంత్రం ఉండాలి. మూడో అంతస్తు: పొద్దున అక్కర్లేదు, సాయంత్రం ఉండాలి, శాలువాలు రెండు. మూడో పేరుకే నవ్వులు మొదలయ్యాయి. నా పేరు దగ్గర, "పొద్దున అక్కర్లేదు, సాయంత్రం మంకీ క్యాపు" అని చదివారు. మా ఆవిడ అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆ క్యాపు సంగతి తనకీ అప్పుడే తెలిసింది.

నవ్వులు ఆగాక ఆవిడ పట్టీ మూయలేదు. "ఒక్కరు మాత్రం వారం రోజులూ రెండు పూటలా ఒకటే మాట చెప్పేరు. అక్కర్లేదన్నారు. మాట మారనోళ్ళది ముందు వినాల," అని రెండో అంతస్తు ఇంజనీరుబాబు వంక తిరిగారు. రిటైరైన పెద్దమనిషి, అంతవరకూ ఒక మూల ఊరికే కూర్చున్నారు. ఆయన భార్య చక్రాల కుర్చీలో ఉంటారు. వారానికి రెండుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. గేటు దాటగానే కుర్చీ మూటలకీ బొంగులకీ తగులుకుంటుంది, ప్రతిసారీ ఎవర్నో బతిమాలి జరిపించుకోవాలి. "ఎంతమందినని బతిమాలను దిదిమొని," అన్నారాయన. అంత పొడుగు అర్జీ రాశానుగానీ ఆ కుర్చీ సంగతి నాకు తట్టనే లేదు. నేను నా బొప్పి గురించి రాశాను.

టీచరమ్మగారు ఓటు అడగలేదు. "ఆవిడ్ని కిందకి దింపండి," అన్నారు. ఇంజనీరుగారి భార్యని కుర్చీలో కూర్చోబెట్టి, గేటు నుంచి రోడ్డు మీద టాక్సీ ఆగే చోటుదాకా మెల్లిగా నడిపించారు. వెనకాల టీచరమ్మగారు నడుం వంచి, చక్రానికి జానెడు ఎడంగా, సుద్దముక్కతో గీత గీసుకుంటూ వచ్చారు. కుర్చీలో ఆవిడ, నన్ను రథం మీద ఊరేగిస్తున్నారు అని ఒకటే నవ్వు. దారిలో ఏ అంగడి గీత మీదికి వస్తే ఆ అంగడి వెనక్కి జరిగింది. స్వెట్టర్ల దీదీది సగానికి సగం పోయింది. ఆమె ఒక నిమిషం ఆలోచించి, రెండు బొంగులు నిలబెట్టి తాడు కట్టి, నేల మీద పరిచినవన్నీ పైకి వేలాడదీసింది. అప్పుడు టీచరమ్మగారు, "ఇంకేటి చూస్తన్నావు, రెండో మూటా విప్పీ," అన్నారు తెలుగులోనే. దీదీకి అర్థమైంది. తాళ్ళు విప్పింది.

నా అర్జీ వెనక పేజీ ఖాళీగా ఉందని ఆవిడ అడిగి తీసుకున్నారు. దాని మీద ఆ ఫుట్‌పాత్ వాళ్ళ పేర్లు రాసుకుని, గీత దాటినవాళ్ళకి గైర్హాజరు వేసేవారు. గైర్హాజరు పడ్డవాడికి ఆ రోజు ఆవిడ చేతి టీ లేదు.

ఆ తర్వాత మూడేళ్ళూ ఏ కాలం వాళ్ళు వచ్చినా మొదటి రోజు పొద్దునే ఆవిడ సుద్దతో దిగేవారు. వానకి చెరిగితే మళ్ళీ గీసేవారు. పని లేకపోయినా ఆ మోడా మీద సాయంత్రాలు గడిపేవారు. క్రిస్మస్‌కి అరిసెలు చేసి ముందు ఫుట్‌పాత్‌కి పంచి, మిగిలితే మాకు పెట్టేవారు. ఆవిడ పక్కన కూర్చుని కూర్చుని దీదీకి తెలుగు అబ్బింది. మా చెల్లెలు ఒంగోలు నుంచి వచ్చినప్పుడు, కొండల నుంచి దిగిన ఆ మనిషి, "రండమ్మా, ఏటి కావాల, పెద్ద సైజుందమ్మా" అని శ్రీకాకుళం యాసలో పిలిచేసరికి మా చెల్లెలు చేతిలో సంచి జారవిడిచింది. నేను ఆ సంచి పట్టుకుని నవ్వుతూ ఉండిపోయాను.

"మనిషికి రెండు పూటలుంటాయి బాబూ. ఒక్క పూట అడిగీసి లెక్క మూసీకూడదు," అనేవారు ఆవిడ. ఇప్పుడు బ్యాంకులో ఎవరైనా పొద్దునే వచ్చి చిందులు తొక్కితే నేను సాయంత్రం ఇంకోసారి ఫోన్ చేస్తాను. చాలాసార్లు అవతలి గొంతు మారి ఉంటుంది. ఆ కృతజ్ఞత ఆవిడకి ఉన్నప్పుడు చెప్పలేదు, ఇక్కడ చెప్పుకుంటున్నాను.

చర్చిలో ప్రార్థనకి ప్రమిదల ముసలాయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. అప్పటికే వెళ్ళిపోయిన పూజల బట్టలవాళ్ళు కూడా కబురు విని తిరిగి వచ్చారు. అయిపోయాక ఆవిడ మేనకోడలు ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టింది. నిండా సుద్దముక్కలు. "సెక్రటరీ బాబుకి ఇమ్మని ఎప్పుడో చెప్పి ఉంచింది అత్త. గీత ఇంక మీరే గియ్యాలంట," అంది. నేను పెట్టె తెచ్చి బీరువా మీద పెట్టాను. వారం రోజులు దాని వంక చూడలేకపోయాను. నడిరోడ్డు మీద నడుం వంచి గీత గియ్యడం ఆవిడకి చెల్లింది, నాకు చెల్లుతుందా అని భయం వేసింది.

మొన్న స్వెట్టర్ల దీదీ దిగింది. కబురు ఆమెకి దారిలోనే తెలిసిందట. ఇక తప్పదని జేబులో సుద్దముక్క వేసుకుని కిందికి వెళ్ళాను. చూస్తే గీత అప్పటికే ఉంది. ఇటుక ముక్కతో ఆమే గీసుకుంది, ఎర్రగా, మసక మసకగా. దానికి వెనకే అంగడి సర్దుకుంది. అంగడి అంచున, ఎప్పటి చోటే, ఖాళీ మోడా ఉంది. వెయ్యడానికి చోటు చాలక స్వెట్టర్లు ఒకదాని మీద ఒకటి వేలాడుతున్నాయిగానీ ఆ మోడా మీద ఒక్కటీ వెయ్యలేదు.

నేను మోకాళ్ళ మీద కూర్చుని ఇటుక గీత మీదే సుద్దతో దిద్దడం మొదలుపెట్టాను. పావుగంటలో బజారంతా చుట్టూ చేరింది. ఎడమకి జరపమని ఒకరు, సుద్ద పడుకోబెట్టి గియ్యమని ఇంకొకరు. ప్రొఫెసరుగారు సరళరేఖల గురించి మొదలుపెట్టారు. ఇంజనీరుగారు భార్య కుర్చీని తోసుకుంటూ వచ్చి, చక్రం పట్టిందో లేదో చూసుకుని తల ఊపారు. ఆవిడ ఒంటి మీద దీదీ అమ్మిన ఊదారంగు స్వెట్టరుంది.

మోడా దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. అది గీతకి అడ్డంగా ఉంది, తిన్నగా గీస్తే దాన్ని వెనక్కి జరపాలి. తలెత్తి దీదీ వంక చూశాను.

"ఏటి బాబూ, ఆగిపోనావు," అందామె. "కుర్చీకి చోటుందిగా. మోడా సుట్టూ తిప్పీ."

తిప్పాను.