తొండలు ఓడెక్కిన తీరం

నిన్న ఉప్పల్‌లో ఇంజెక్షన్ వేసే ముందు నర్సు నా చేతికి స్పిరిట్ రాసింది. ఆ వాసనకి జ్వరం సంగతి మరిచిపోయి, సుగుణ మేడం మీద మళ్ళీ కోపం వచ్చింది.

ఇక్కడి జన్యు ప్రయోగశాలలో ఆమె దగ్గరే నేను పరిశోధన చేశాను. ఎక్కడో సముద్రం మధ్య దీవిలో మన తొండలు విపరీతంగా పెరిగి, అక్కడి చిన్న బల్లుల్ని తినేస్తున్నాయి. అవి మన ఏ తీరంలో ఓడెక్కాయో డీఎన్ఏ పోల్చి చెప్పడం నా పని. అక్కడివాళ్ళు తోక కొసలు స్పిరిట్‌లో పెట్టి పంపేవారు. ఆ తొండలు తూర్పు తీరం నుంచే వెళ్ళాయని మేడం చాలాకాలం కిందటే రాశారు. లోకమంతా అదే నమ్మింది.

నా ఫలితం పడమటి తీరం అంది. భయపడుతూనే చూపించాను. ఆమె కళ్ళజోడు తుడుచుకుని, “మళ్ల జెయ్” అన్నారు. చేశాను, అదే వచ్చింది. దీవి నుంచి కొత్త తోకలు తెప్పించమన్నారు. అప్పుడూ అదే. ఈలోగా నాతో చేరినవాళ్ళు పట్టాలు పుచ్చుకుని వెళ్ళిపోయారు. నాచారంలో మా అమ్మ, ఇంకా తొండల దగ్గరే ఉన్నావా అని అడగడం కూడా మానేసింది. తన మాట నిలబెట్టుకోవడానికే నన్ను అరగదీస్తున్నారనుకున్నాను.

చివరికి రెండు తీరాల తొండల నమూనాల్లో, ఏ తీరానికీ చెందని మన పోచారం పొదల్లో నాచేత పట్టించిన వాటివీ కలిపి, పేర్లు చెరిపేసి ఇచ్చారు. ఏది ఎక్కడిదో డీఎన్ఏ చూసి చెప్పమన్నారు. ఎర్రటి ఎండలో తొండల వెంట పరుగెత్తింది చాలక ఈ పరీక్ష కూడానా అని ఒళ్ళు మండింది.

“మీరు రాసింది తప్పని ఒప్పుకోవడం అంత కష్టమా మేడం?” అని అడిగేశాను.

ఆమెకు కోపం రాలేదు. “తప్పని నాకు మొదటిసారే తెల్సింది. సగం సగం జెప్తే, నా మీది గౌరవంతోని అందరు పాతదే నమ్ముతరు. ఎవ్వరు కాదనలేనట్ల జెప్పాలె.”

ఈ ముక్క ముందే చెబితే ఏం పోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను చెప్పిన ప్రతి చోటూ సరిపోయింది. పదవీ విరమణ దగ్గరపడ్డ మనిషి, నిండు సమావేశంలో లేచి నిలబడి, “నేను రాసింది తప్పు. ఈ పిల్ల సరిగ్గ జేసింది” అన్నారు. వ్యాసంలో ఆ సంగతి కాస్త సున్నితంగా రాస్తానంటే ఒప్పుకోలేదు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ క్షణమైనా ఉండనివ్వకుండా, నా పటంలో దీవి పేరు వంకరగా ఉందని అందరి ముందే సరిదిద్దించారు.

ఇప్పుడు నాకూ ఒక చిన్న ప్రయోగశాల ఉంది. మొన్న ఒక ఫలితం అచ్చం నేను కోరుకున్నట్టే వచ్చింది. అందరూ మిఠాయి తెమ్మన్నారు. నేను మాత్రం బయటికి వెళ్ళి టీ తాగి, ఆమెను బాగా తిట్టుకుని, లోపలికొచ్చి మొదటి నుంచి మొదలుపెట్టాను.