గుల్‌బహార్ రాయి

జర్మనీలోని దుయిస్‌బర్గ్ నుంచి మా ఎర్జురుమ్ కొండలకు నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే. ఆస్ట్రియా, యుగోస్లావియా, బల్గేరియా దాటి, ఇస్తాంబుల్ వంతెన మీద యూరప్‌కు దండం పెట్టి, అక్కణ్ణుంచి ఇంకో రెండు రోజులు తూర్పుకు తోలితే గాని మా ఊరి పొగ కనబడదు. ఈ దారిన నడిచిన సైన్యాల గురించి, ఒంటెల బిడారుల గురించి లావుపాటి పుస్తకాలు ఉన్నాయి. వాటిలో చాలా వాటికి నా వేలిముద్రలు అంటుకున్నాయి. వేసవి రాగానే నెత్తిన పరుపులూ కుట్టుమిషన్లూ కట్టుకుని, అయిదు రోజులు తిండీ నిద్రా లేక పరిగెత్తిన, జర్మనీకి కూలికి పోయిన మావాళ్ళ వ్యాన్ల గురించి మాత్రం ఒక్క పేజీ నాకు దొరకలేదు. యుగోస్లావియా రోడ్డు పక్కన తగలబడిన ఆ వ్యాన్ల అస్థిపంజరాలే వాళ్ళ చరిత్ర.

కంబర్, సేనెమ్ దంపతులు ఆ దారిని పదకొండు వేసవులు కొలిచారు. అతను ఉక్కు కొలిమిలో, ఆమె ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేసేవారు. 1970లో ఏడాది పిల్లను కంబర్ అక్క హూరియె చేతుల్లో పెట్టి, రెండేళ్ళలో వచ్చేస్తామని వెళ్ళారు. మొదట ఒక్క గది, అందులో పిల్లను ఎక్కడ పెట్టేది? తరవాత ఇద్దరికీ చెరో షిఫ్టు. ఆ తరవాత, ఎలాగూ వచ్చే ఏడు తిరిగి వెళ్ళిపోతాం కదా అన్న మాట. వచ్చే ఏడు అనే ఊళ్ళో మావాళ్ళు ఎంతమంది కాపురాలు చేశారో లెక్క లేదు.

ఆ పిల్ల సంగతి చెప్పాలంటే ముందు మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. మాకు చలికాలం ఆరు నెలలు. మంచు పడితే పట్నం దారి మూసుకుపోతుంది. పుట్టిన బిడ్డ పేరు సర్కారు రిజిస్టరులో ఎక్కించాలంటే గుర్రం మీద ఒక పగలంతా పోవాలి. అందుకని ఒక బిడ్డ చనిపోతే ఆ బిడ్డ పుట్టుక కాగితాన్ని ఎవరూ పారెయ్యరు. పోయిందని సర్కారుకు చెప్పరు కూడా. పెట్టెలో మడిచి దాస్తారు. ఆ తరవాత పుట్టిన బిడ్డకు అదే కాగితం, అన్న చొక్కా తమ్ముడికి తొడిగినట్టు. నేను ఆ ఊళ్ళో పంతులుగా ఉన్న రోజుల్లో తరగతికి ఇద్దరు ముగ్గురు ఇలాంటివాళ్ళు ఉండేవారు. కాగితం మీద మీసాలు మొలవాల్సిన వయసు, నోట్లో చూస్తే పాలపళ్ళు.

సేనెమ్ మొదటి కూతురు గుల్‌బహార్ 1966 మార్చిలో పుట్టి, రెండో చలికాలంలో దగ్గొచ్చి పోయింది. మరుసటి ఏడు చలికాలంలో రెండో కూతురు పుట్టింది. ఇంట్లో ఎల్మాస్ అని పిలుచుకున్నారు. కాగితం మాత్రం గుల్‌బహార్‌దే. "ముద్ర కూడా చెరగలేదు, బంగారంలాంటి కాగితం, పారేసుకుంటామా?" అని పెట్టెలోంచి తీసి ఇచ్చింది హూరియె. ఆరేళ్ళ ఎల్మాస్‌ను తొమ్మిదేళ్ళ గుల్‌బహార్‌గా బడి పుస్తకంలో రాసుకున్నది నేనే. ఎవరికీ అందులో తప్పు కనబడలేదు. నాకూ కనబడలేదు.

1982 వసంతంలో, పిల్లను తెచ్చుకుంటామని పెట్టిన అర్జీకి జవాబుగా, పరదేశీల కాగితాలు చూసే దుయిస్‌బర్గ్ ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అప్పటికి నన్ను మావాళ్ళ పిల్లలకు మా భాష చెప్పడానికి అక్కడికి పంపి ఉన్నారు. ఉత్తరం చదవడానికి ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. పదహారేళ్ళు నిండిన పిల్లలను ఇకమీదట తల్లిదండ్రుల దగ్గరికి రానివ్వరట. గుల్‌బహార్‌కు మార్చిలో పదహారు నిండాయి. జూలై ఆఖరులోగా వయసు సరిదిద్దిన కాగితం తెస్తే సరే, లేకుంటే ఈ తలుపు మూసినట్టే.

"దానికి పదమూడే కదా మాస్టారూ!" అంది సేనెమ్.

"నీ లెక్కకు పదమూడు. కాగితానికి పదహారు."

"అయితే కాగితాన్నే పంపించమనండి, పిల్లను నేను తెచ్చుకుంటా" అని నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

కంబర్ మా పట్నంలో అర్జీలు రాసే ముసలాయనకు కబురు పెట్టాడు. ఆయన కోర్టులో పిటీషను పడేశాడు. ఆయన నేర్పిన పాఠం చిన్నది: మాకు పుట్టింది ఒక్కతే కూతురు, గుమాస్తా పుట్టిన ఏడు తప్పు రాసుకున్నాడు. పళ్ళూ మణికట్టు ఎముకలూ చూసి డాక్టరు పదమూడని రాసిస్తాడు. తల్లి జడ్జి ఎదుట నిలబడి 'ఒక్కతే' అంటే చాలు. జూలైలో కోర్టుకు సెలవులు రాకముందే విచారణకు తేదీ ఇచ్చారు. జూన్‌లో బయలుదేరాం. కాగితాలు చదవడానికని వ్యానులో వెనక సీటు నాకిచ్చారు.

సీటంటే బొంతలకూ డబ్బాలకూ మధ్య ఒక గుంట. నా తొడ కింద ఏదో గట్టిగా, చల్లగా తగులుతూ వచ్చింది.

"ఏం తల్లీ ఇది, నా ఎముకలు విరిగేట్టున్నాయి."

"ఊరగాయ జాడీలు మాస్టారూ. కాస్త ఇటు జరగండి."

"ఊరగాయ మన ఊరినుంచి జర్మనీకి పోతుంది గాని, జర్మనీనుంచి మన ఊరికి ఎవరు మోస్తారే?" అన్నాడు కంబర్ స్టీరింగు వదలకుండా. "మా ఆవిడ తెలివి చూశారా? సముద్రానికి ఉప్పు అమ్ముతుంది."

సేనెమ్ ఉడికించిన గుడ్డు ఒలిచి అతని నోట్లో పెట్టింది. అలా మూడు దేశాలు దాటాం.

బల్గేరియా దాటి మా దేశంలోకి అడుగుపెట్టే కపికులె సరిహద్దు దగ్గర మావాళ్ళ వ్యాన్లు కనుచూపు మేర బారులు తీరి ఉన్నాయి. ఎండకు పిల్లలు ఏడుస్తున్నారు. కస్టమ్స్ అతను మా బొంతలన్నీ లాగి, అడుగున ఉన్న పాత కోటు తీశాడు. కోటులో చుట్టి నల్లరాయి పలక, రొట్టెల పీటంత.

"ఏంటమ్మా, వంటింటి బండా?"

"కాదు బాబూ. మా అమ్మాయిది."

అతను పక్కకు తిప్పి చదివాడు. గుల్‌బహార్, 1966–1968. కాసేపు దాన్ని అలాగే పట్టుకుని, మళ్ళీ కోటులో చుట్టి, తను లాగిన బొంతలన్నీ తనే సర్దిపెట్టాడు. "వెళ్ళండి. దేవుడు మీకు ఓర్పునివ్వాలి" అన్నాడు. పదకొండేళ్ళలో కంబర్‌కు కస్టమ్స్‌లో అంత మర్యాద ఎప్పుడూ జరగలేదు. అతని మొహం మాత్రం సున్నం కొట్టినట్టయింది.

ఎదిర్నె పట్నం దాటాక పుచ్చకాయల దుకాణం దగ్గర కంబర్ బండి ఆపాడు. కాయ కోసుకుంటారా అని దుకాణంవాడు అడిగితే వినిపించుకోలేదు.

"నీకు మతుందా సేనెమ్? పదిహేను రోజుల్లో కోర్టులో ఏం చెప్పబోతున్నామో తెలుసు కదా. చచ్చిపోయినదాని పేరూ, ఏళ్ళూ రాయి మీద చెక్కించి మరీ తెస్తున్నావు!"

"నీకు ముందే చెబితే తేనిచ్చేవాడివా?"

"తేనిచ్చేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు."

లాండ్రీ వెనక సమాధిరాళ్ళు చెక్కే ముసలి జర్మన్ ఒకడు ఉన్నాడట. సేనెమ్ అతని ఇంటి తెరలన్నీ ఒక చలికాలమంతా ఉతికిపెట్టింది. బదులుగా ఒక మిగులు ముక్క మీద చెక్కించుకుంది. ఉత్తరం రాకముందు సంగతి అది.

"పద్నాలుగేళ్ళనుంచి ఒక గులకరాయి కింద పడుంది నా బిడ్డ" అంది సేనెమ్. "దాని పేరు తీసుకుని చెల్లెలికిచ్చాం. రాయి మీదైనా దాని పేరు దానికి తిరిగి ఇచ్చేద్దామనుకున్నా. అంతేనయ్యా. ఇంకేం లేదు."

"కోర్టు అయ్యేదాకా ఎక్కడైనా దాచండి, తరవాత పెట్టుకోవచ్చు" అన్నాను నేను, పెద్దమనిషిలా.

కంబర్ నా వైపు జాలిగా చూశాడు. "అయ్యాక మాత్రం? ఆ పేరుతో ఊళ్ళో సమాధి లేచిందంటే బతికున్నదాని కాగితం దొంగకాగితం కాదా మాస్టారూ? మా మీద కడుపుమంట ఉన్నవాడు ఒక్కడు చాలు, పట్నం వెళ్ళి చెప్పడానికి. చదువుకున్నారు, ఆ మాత్రం తెలీదా?"

తెలియలేదు. ఎన్ని చదివినా తెలియని చోట్లు నాకు చాలా ఉన్నాయి.

అక్కణ్ణుంచి ఎర్జింజాన్ పట్నం దాకా కంబర్ తోలుతూనే ఉన్నాడు. కొండలమధ్య కరాసు నది పక్కన రోడ్డు వెళుతుంది. మాకు అది కరాసే, దక్షిణాదికి పోయాక దాన్నే యూఫ్రటీసు అంటారు. జూన్ కాబట్టి మంచు కరిగి బురదరంగు నీళ్ళు ఒడ్డులు ఒరుసుకుంటూ పోతున్నాయి. మిట్టమధ్యాహ్నం. వంతెన మీదకు రాగానే సేనెమ్ "ఆపు" అంది.

తనే వెళ్ళి బొంతలు లాగి కోటు తెచ్చింది. రాయిని విప్పి, అక్షరాలమీద ఒక్కసారి చెయ్యి వేసి తుడిచింది. నుదుటికి ఆనించుకుంది.

"బతికున్నదాని కోసమేగా" అంది. "తీసుకో."

కంబర్ తీసుకున్నాడు. విసరలేదు, పిట్టగోడ మీదనుంచి వంగి, చేతులు చాచగలిగినంత కిందికి చాచి వదిలాడు. నీళ్ళ హోరులో చప్పుడు కూడా వినబడలేదు. కోటు మడిచి సేనెమ్ ఒళ్ళో పెట్టుకుంది. ఊరు చేరేదాకా అది ఆమె ఒళ్ళోనే ఉంది.

ఊళ్ళో ఎల్మాస్ పెట్టె సర్దుకుని గడపలో కూర్చుని ఉంది. పదమూడేళ్ళ సన్నని పిల్ల, తల్లి కళ్ళే. మేనత్తను అమ్మా అంటుంది. తల్లిని అందరిలాగే సేనెమ్ అక్కా అంటుంది.

"ఈసారి నిజంగా తీసుకెళ్తావా సేనెమ్ అక్కా? పోయినసారిలాగ కాదుగా? నేను బళ్ళో అందరికీ చెప్పేశా."

"తీసుకెళ్తా తల్లీ."

"ఒట్టు?"

"ఒట్టు."

హూరియె సమోవారు మీద టీ కాస్తూ మొహం తిప్పుకుంది. పెంచిన చేతులకు అదీ తేలిక కాదు.

డాక్టరు పదమూడని రాసిచ్చాడు. ఊళ్ళోంచి తెచ్చిన సాక్షులిద్దరూ పాఠం తప్పకుండా చెప్పారు. కంబర్ చెప్పాడు. జడ్జి కుర్రవాడే, చెడ్డవాడు కాడు, సెలవులకు ఇంటికెళ్ళే తొందరలో ఉన్నాడు. రాయబోతున్న కలాన్ని ఆపి, రివాజుగా తల్లిని అడిగాడు.

"నీకు ఈ అమ్మాయి తప్ప, అంతకుముందు పుట్టిన కూతురు ఎవరైనా ఉన్నారా? ప్రమాణం మీద చెప్పు."

సేనెమ్ కుడిచెయ్యి పైకెత్తింది. పెదాలు కదిలాయి. నేను రెండో బెంచీలో ఉన్నాను. ఆ 'లేదు' ఆమె గొంతుదాకా రావడం నేను చూశాననే ఇప్పటికీ అనుకుంటాను.

"ఏమ్మా?"

"మొన్ననే దాన్ని నీళ్ళలో పారేశాం దొరా" అంది సేనెమ్. "మళ్ళీ పారెయ్యమంటే నా వల్ల కాదు."

కంబర్ కళ్ళు మూసుకున్నాడు. జడ్జి రెండు ప్రశ్నల్లో సంగతంతా రాబట్టి కలం కింద పెట్టాడు. ఏదో తిట్టాడని కాదు, నెమ్మదిగానే చెప్పాడు. ఇద్దరు పిల్లలున్నప్పుడు ఇది వయసు దిద్దే కేసు కాదట. ముందు మొదటి పిల్ల చనిపోయినట్టు రుజువు కావాలి, తరవాత రెండో పిల్ల పుట్టినట్టు రుజువు కావాలి, తప్పుడు కాగితం వాడినందుకు తండ్రి మీద కేసు వేరే. పిటీషను కొట్టేశాడు. మొత్తం టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

బయట మెట్లమీద ఎల్మాస్ పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. పెట్టె కోర్టుకు ఎందుకని ఉదయం అందరూ నవ్వారు, అయినా వదల్లేదు.

"ఒక్క అబద్ధం" అంది. "ఊళ్ళో వాళ్ళందరూ ఆడారు. డాక్టరు చూశాడు. నువ్వొక్కదానివి ఆడలేకపోయావా?"

సేనెమ్ దగ్గరికి వెళ్ళబోయింది. పిల్ల హూరియె వెనక్కి జరిగింది.

"చచ్చినదాని కళ్ళు చారెడు అన్నారు పెద్దలు" అంది హూరియె. "రా ఎల్మాస్, ఇంటికి పోదాం. ఆవిడకు ఒక కూతురుంది. అది నువ్వు కాదు."

ఆ మాటకు కంబర్ అక్కమీద చెయ్యెత్తాడు, దించేశాడు. భార్యను మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ తరవాత ఎన్నేళ్ళయినా అనలేదు. అంటే బాగుండునని సేనెమ్ ఒకసారి నాతో చెప్పింది.

తిరుగుదారిలో వ్యాను తేలికగా ఉంది. రెండో కేసు వేశారు. దస్తాలు ఆ ఆఫీసునుంచి ఈ ఆఫీసుకు పోయాయి, కంబర్ తప్పుడు కాగితానికి శిక్షగా నెల రోజులు లోపల కూర్చుని వచ్చాడు, ఫైలు మాత్రం ముందుకు కదల్లేదు. 1984 మార్చిలో గుల్‌బహార్‌కు కాగితం మీద పద్దెనిమిది నిండాయి. మేలో హూరియె ఆ కాగితంతోనే ఎల్మాస్ పెళ్ళి చేసేసింది, పక్క కొండలోని గొర్రెలవాళ్ళింటికి. నిజానికి పదిహేనేళ్ళు. పిల్ల వద్దనలేదట. పెళ్ళి కబురు దుయిస్‌బర్గ్‌కు మూడు వారాల తరవాత చేరింది. ఇద్దరూ అప్పుడూ ఉత్తరం నా దగ్గరికే తెచ్చారు. నేను చదివాను.

ఇక వెళ్ళి చేసేదేముంది? అయినా వేసవి రాగానే బయలుదేరేవారు. నేనూ ఇంకో రెండుసార్లు వాళ్ళతో వెళ్ళాను. ఎల్మాస్ తలుపు తీసేది, టీ పోసేది, 'ప్రయాణం బాగా జరిగిందా' అని పరాయివాళ్ళను అడిగినట్టు అడిగేది. ఆమె ఒళ్ళో ఒక పసిపిల్ల, తరవాత ఇంకొకటి. గంట కూర్చుని లేచేవారు.

వాళ్ళు ఎక్కువసేపు ఆగేది కరాసు వంతెన దగ్గరే. ఆగస్టులో వెళితే నీళ్ళు మోకాళ్ళదాకా ఉంటాయి. కంబర్ పంట్లాం పైకి మడిచి, గునపం తీసుకుని దిగుతాడు. అడుగున అన్నీ నల్లరాళ్ళే. ఒక్కొక్కటీ తిప్పి, నీళ్ళలో చెయ్యి పెట్టి, అక్షరాలు తగులుతాయేమోనని వేళ్ళతో తడుముతాడు. సేనెమ్ పిట్టగోడ పట్టుకుని పైన నిలబడుతుంది.

చివరిసారి నేను వాళ్ళతో ఉన్నప్పుడు అతనికి యాభై దాటాయి. నడుము పట్టేసి, ఒక రాతి మీద కూర్చుండిపోయాడు.

"ఎక్కడికి కొట్టుకుపోయిందో ఏమో, ఇక దొరకదే" అన్నాడు పైకి చూసి.

"ఇంకాస్త కిందికి చూడయ్యా" అంది సేనెమ్. "వెలుతురుంది కదా."

అతను లేచి ఇంకాస్త కిందికి వెళ్ళాడు.