జపమాలతో నీళ్లు చూసినవాడి సాక్ష్యం

క్రీస్తునందు ప్రియమైన తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, వెనకాల నిలబడుకున్న పెద్దలారా, నా పేరు జోజప్ప, మాది యాడికి పక్కన పల్లె, మీలో శానామందికి నా ముఖం తెలుసు, కొంతమందికి నా ముఖం చూస్తే కోపం కూడా వస్తుంది, రావాల్సిందే, నేను కాదనను. యువజనుల కూడికలో నాలుగు మంచి మాటలు చెప్పమని ఫాదర్ గారు నన్ను నిలబెట్టినారు గానీ నా కాడ మంచి మాటలు లేవు, నేను చేసిన పాపం ఒకటుండాది, ఆ పాపంలో నుంచి దేవుడు నన్ను చెవి పట్టుకొని ఎట్ల లాగినాడో అది చెప్తాను, ఓపిక పట్టి వినండి.

మీ వయసులో నేను మీకంటే పెద్ద భక్తుణ్ణి! నవ్వొద్దండి, నిజం. తపస్సుకాలంలో సిలువమార్గానికి సిలువ మోసేది నేనే, మాత పండక్కి తేరు ముందర పాట ఎత్తుకునేది నేనే, దివ్యపూజలో వాచకం చదవాలంటే నా గొంతే కావాల, పొద్దున లేస్తూనే ఫోన్లో స్టేటస్ పెట్టేది వాక్యమే. ఇంట్లో మాత్రం నా మోకాళ్లు వంగేవి కావు. మాయమ్మ రోజూ సాయంత్రం కొవ్వొత్తి ముట్టించి జపమాల చెప్పుకుంటాంటే నేను వాకిట్లో ఫోన్ చూసుకుంటా కూర్చునేవాణ్ణి, "రారా నాయనా, ఒక్క పది జపాలన్నా చెప్పు" అని పిలిస్తే, "ఆదివారం గుడిలో చెప్పినాం కదమ్మా, దేవునికి చెవుడా?" అనేవాణ్ణి. ఆయమ్మ నవ్వి నా వంతు పది జపాలు కూడా తనే చెప్పుకునేది. ఆయమ్మ పోయినాక ఆ జపమాల నా చేతికొచ్చింది, దాంతో నేను ఏం చేసినానో వింటే మీకు ఒళ్లు మండుతాది.

మన సీమలో నీళ్ల కోసం మనిషి ఏం చేయడో చెప్పండి! బోరు వేయాలంటే ముందు నీళ్ల పాయింటు చూసేటోడు కావాల, ఒకడు అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా నడుస్తాడు, ఇంకొకడు వేపపుల్ల పట్టుకుంటాడు, ఇవన్నీ మీకు తెలిసినవే. మా నాయన చేన్లో టెంకాయాయన వచ్చి చూసి పోయినాక, నేను ఎకసెక్కానికి అమ్మ జపమాల తీసి, సిలువ కిందికి వేలాడేటట్ల పట్టుకొని అడుగులో అడుగు వేసి నడిచినాను, ఒకచోట సిలువ గిర్రున తిరిగింది, ఆడ బోరు వేస్తే నీళ్లు పడినాయి! అంతే, ఇంక చూడండి, మూడు నెలలు తిరక్కుండా చుట్టుపక్కల పల్లెల్లో నా పేరు 'జపమాల జోజప్ప' అయిపోయింది, కదిరి తట్టు నుంచి కూడా జనం బండ్లేసుకొని రాబట్టినారు. నేను కండ్లు మూసుకొని, పెదాలు ఆడించుకుంటా, "మాత చూపిస్తాండాది" అనేవాణ్ణి. పెదాలు ఆడేవి గానీ లోపల జపం లేదు, ఏమీ లేదు, ఉత్త గాలి. నీళ్లు పడితే మాత మహిమ, పడకపోతే రైతుకు విశ్వాసం చాలలేదు, ఇంత సులువైన పని యాడన్నా ఉందా చెప్పండి!

ఫాదర్ గారికి తెలిసి పిలిపించి మెత్తగానే చెప్పినారు, "జోజప్పా, అది దేవునితో మాట్లాడేదానికి ఇచ్చింది, దేవుణ్ణి ఆడించేదానికి కాదు" అని. నాకు ముక్కు మీదికి కోపం వచ్చింది. ఈయనకు నా పేరు చూసి కడుపుమంట అనుకొని పూజకు పోయేది మానుకున్నాను. పోయిన ప్రతి ఊర్లో కోడి కోసేవాళ్లు, పక్కన సీసా పెట్టేవాళ్లు, మొదట మొహమాటానికి తాగినాను, తర్వాత అది లేకుంటే చేతులు వణికేవి, వణికే చేతిలో సిలువ ఇంకా బాగా తిరిగేది, జనం ఇంకా బాగా నమ్మేవాళ్లు. ఇట్ల మూడేండ్లు బతికినాను సహోదరులారా, చెప్తాంటే నాకే సిగ్గుగా ఉండాది.

అప్పుడు నారాయణప్ప వచ్చినాడు. ఆయన మనవాడు కాదు, హిందువు, మా పక్క పల్లెలో రైతు, నాకంటే పదేండ్లు పెద్ద, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆయనకు తాతలనాటి రాతి కట్టడం బాయి ఒకటుండాది, దాని కింద చీనీ చెట్లు, అదే బత్తాయి తోట, బాయి ఎండిపోయి చెట్లు ఆకు ముడుచుకొని కాయలు పిందెల్లోనే రాలిపోతాండాయి. నేను బాయిలోకి దిగి జపమాల పట్టుకున్నాను, సిలువ తిరిగింది, "ఈడ రెండు నిలువుల లోతు తవ్వు, ఊట తన్నుకొని వస్తాది" అని చెప్పినాను. ఆయన తలెత్తి తూర్పు పక్క చూపించి, "ఏమప్పా, ఈ తట్టు కట్టడం పగిలినట్లుండాది, దీన్ని గట్టి చేసుకొని దిగేదా?" అని అడిగినాడు. నేను ఏమన్నానో అక్షరం పోకుండా చెప్తాను వినండి: "నువ్వు గట్టి చేసుకునేంతలో నీ చెట్లు ఎండిపోతాయి. దిగు నారాయణప్పా, మాత చూపించినాక దేవుడు చూసుకోడా?"

ఆ మాట అనేముందు నేను దేవుణ్ణి అడగలేదు. ఆ పగులు తట్టు కూడా సరిగ్గా చూడలేదు, ఎందుకంటే పై ఊర్లో నా కోసం కూర ఉడుకుతాండాది, నాకు ఆలస్యం అవుతాండాది.

నాలుగో రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు తూర్పు పక్క కట్టడం ఊడి నారాయణప్ప నడుము మీద పడింది. నేను అప్పటికే తాగి ఒక షెడ్డు నీడలో పండుకోని ఉన్నాను, ఎవరో లేపి చెప్తే పరుగెత్తినాను, పోయేసరికి నులకమంచానికి మోకులు కట్టి ఆయన్ను పైకి లాగుతాండారు, ఆయన నోట్లో నుంచి అరుపు కూడా రాలేదు, కండ్లు మాత్రం తెరుచుకొనే ఉండాయి, ఆ కండ్లు నన్ను చూసినాయి. అనంతపురం పెద్దాసుపత్రిలో చూసి, ప్రాణం నిలబడతాది గానీ నడుము కింద ఇంక ఆయనది కాదు అన్నారు. ఆయన భార్య లక్ష్మక్క వరండాలో నా చొక్కా పట్టుకొని అన్న మాట నా చెవుల్లో నుంచి ఇంకా పోలేదు. "మా దేవుళ్లకు మొక్కుకొని, కట్టడం సరిచేసుకొని దిగుతామనుకుంటిమి. నువ్వు మీ దేవుని పేరు చెప్తివి. ఆ పేరు చెప్తివి కాబట్టే దిగినాడు!" అనింది.

నేను పారిపోయినాను సహోదరులారా! మీ ముందర నిలబడిన ఈ పెద్దమనిషి పారిపోయినాడు! గుంతకల్లు పోయి, ఎవరూ గుర్తుపట్టరని స్టేషన్ బయట పడి తాగినాను, ఎన్ని రోజులో నాకు తెలీదు. ఒక మధ్యాహ్నం ఎండలో గోడకు ఆనుకొని కూర్చొని, ఇంక చచ్చిపోతే బాగుండు అనిపించి, చచ్చేముందర ఒక జపమన్నా చెప్పుకుందామని పరలోక జపం మొదలుపెట్టినాను. 'మీ నామము' దగ్గర ఆగిపోయింది. ముందుకు పోదు! చిన్నప్పటి నుంచి వెయ్యిసార్లు గడగడా చెప్పిన జపం, ఆ మాట దాటి పోదు! ఆయన నామాన్ని పట్టుకొని నేను ఒక మనిషిని బాయిలోకి దింపినాను, ఇంక ఏ నోటితో ఆ నామం 'పూజింపబడును గాక' అనేది? ఆడ్నే, రోడ్డు మీదనే, పోయేవాళ్లు చూస్తాంటే ఎక్కెక్కి ఏడ్చినాను, "ప్రభువా, నేను నీకు పుట్టిన బిడ్డను కాదు, నీ పేరు చెప్పుకొని తిరిగే దొంగను, ఐనా నాకు ఇంకెవరూ లేరు, ఏం చేయమంటావో చెప్పు" అన్నాను. నా బతుకులో అది మొదటి ప్రార్థన. దానికి ముందు చెప్పినవన్నీ పాటలే.

మర్నాడు పొద్దున బండెక్కి వచ్చి ఫాదర్ గారి కాళ్ల కాడ కూర్చొని పాపసంకీర్తనం చేసినాను. నాకేమో పది జపమాలలు చెప్పుకోమంటారని, ఉపవాసం ఉండమంటారని ఆశ, అట్లయితే తొందరగా అయిపోతుంది కదా! ఆయన మాత్రం, "పోయి ఆ మనిషి మంచం పక్కన కూర్చో. ఆయన ఏమన్నా అననీ, లేచి రావొద్దు" అన్నారు. దానికంటే ఉరిశిక్ష వేసింటే బాగుండు అనిపించింది.

పోయినాను. నారాయణప్ప నన్ను చూసి మూతి అటుపక్కకు తిప్పుకున్నాడు. నేను వాకిట్లో కూలబడి ఏడుస్తాంటే లక్ష్మక్క చేటలో బియ్యం చెరుగుతా, "ఈడ పని ఉండాది. చేస్తావా, ఏడుస్తావా?" అనింది. పని అంటే ఏంది? పడుకొనీ పడుకొనీ ఆయన నడుము కింద పడకపుండు పడింది, నా పిడికిలి పట్టేంత గుంత, లోపల ఎముక కనిపిస్తుంది, వాసన వాకిటి దాకా వస్తుంది. మన కాన్వెంటులో నర్సు సిస్టరు గారు వచ్చి కడిగేది, కట్టు కట్టేది నేర్పించి, రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే ఈ పుండే ఈయన్ను తీసుకపోతాది అని చెప్పినారు. మొదటిరోజు కడిగి బయటికి వచ్చి వాంతి చేసుకున్నాను. రెండో రోజు కూడా.

తిప్పినాక రెండు గంటలు ఏం చేయాల? ఫోన్ చూస్తే ఆయన కండ్లు నన్ను పొడుస్తాండాయి. అమ్మ జపమాల జేబులో ఉండాది, అప్పుడు మొదటిసారి దాన్ని దేనికి చేసినారో దానికి వాడినాను. "ప్రభువా, ఈయన్ను లేపు, నా కాళ్లు తీసుకొని ఈయనకు ఇయ్యి" అని నెలల తరబడి అడిగినాను, ఆయన లేవలేదు. తర్వాత నా ప్రార్థన చిన్నదైపోయింది, "ప్రభువా, ఈ రెండు గంటలు నేను పారిపోకుండా చూడు" అని, అంతే. ఆ ప్రార్థన ఆయన వినినాడు! ప్రతిసారీ వినినాడు! నడుమ ఒకసారి జాతరలో తాగి పోయినాను, దాచిపెట్టను, లక్ష్మక్క వాసన పసిగట్టి, "తాగిన చేతుల్తో నా మొగుణ్ణి ముట్టుకోవద్దు" అని తలుపు వేసింది, ఆ రోజు ఆయన్ను తిప్పేదానికి ఆయమ్మ ఒక్కతే అగచాట్లు పడుతుంటే బయట నుంచి వింటా నిలబడినాను. ఆ రోజుతో మందు నన్ను వదిలిపెట్టింది, నేను వదల్లేదు, దేవుడే వదిలించినాడు, దేవునికే మహిమ!

ఏడాది దాకా నారాయణప్ప నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఒకరోజు మాత్రం, "ఏందో గొణుగుతాండావు గదా, గట్టిగా చెప్పు, పొద్దున నుంచి ఈ ఇంట్లో మనిషి గొంతే ఇనపడదు" అన్నాడు. అప్పటి నుంచి గట్టిగా చెప్తాండాను.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరు పాటలు బాగా పాడతారు, తేరు బాగా మోస్తారు, గ్రూపుల్లో వాక్యాలు పంపిస్తారు, అవన్నీ నేనూ చేసినాను, మీకంటే బాగా చేసినాను, ఐనా దేవుడెవరో నాకు తెలీలేదు. తలుపు వేసుకొని ఒక్కరే మోకాళ్ల మీద ఉండే ఐదు నిమిషాలు లేకుంటే, మీరు రేపు దేవుని పేరు చెప్పి ఎవర్ని ఏ బాయిలోకి దింపుతారో మీకే తెలీదు. మీ పేరు కోసం ఆయన పేరు వాడొద్దండి, చేతులెత్తి మొక్కుతాండాను.

నిన్న నేను నారాయణప్పను అడిగినాను, అన్నా, నీ సంగతి గుడిలో చెప్పొచ్చునా అని. ఆయన, "చెప్పు. కానీ మీ దేవుడు నన్ను లేపినాడని మాత్రం అబద్ధం చెప్పొద్దు. ఒకసారి అబద్ధం చెప్పినావు, చాలు" అన్నాడు. అందుకే నిజం చెప్తాండాను, ఆయన లేవలేదు. నన్ను క్షమించినాడా అంటే అదీ నాకు తెలీదు, అడిగే ధైర్యం నాకు లేదు. చీనీ చెట్లు ఎండిపోతే కొట్టేసినారు, లక్ష్మక్క కూలికి పోతాండాది. లేచింది నేనొక్కణ్ణే, నాలాంటి పనికిమాలినవాణ్ణి కూడా విడిచిపెట్టని ఆ దయగల తండ్రికి వందనాలు, నమ్మండి ఆయన్ను, పడిపోయిన కాడికి వచ్చి కూర్చునే దేవుడాయన!

ఇంక ఒక్క మాట చెప్పి కూర్చుంటాను. మంగళవారం, శుక్రవారం నాకు తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీలో పని ఉంటుంది, లక్ష్మక్క కూలికి పోతాది, ఆ రెండు రోజులు పొద్దున నుంచి సాయంత్రం దాకా ఆయన్ను పక్కకు తిప్పేదానికి మనిషి లేడు, మానినట్లే మానిన పుండు మళ్లా తెరుచుకుంటాండాది. ఎట్ల తిప్పాలో నేను నేర్పిస్తాను, వాసన రెండు రోజులకు అలవాటైపోతాది. ఇప్పుడు ఆమెన్ అనొద్దు. మంగళవారానికి ఎవరు వస్తారో అది చెప్పండి.